నీడ రాయి దాటాక

తారు రోడ్డు అయిపోయిన చోట రేకుబోర్డు.
చేత్తో రాసిన అక్షరాలు, కొంత గాలి తినేసింది:
ఖల్ఫాన్ తోట. శుక్రవారం భోజనం. ముందుగా చెప్పి రండి.
బోర్డు వెనక ఇసుక, ఇసుక వెనక ఇంకో ఇసుక,
ఆ తర్వాత ఉన్నట్టుండి
ఎవరో పచ్చరంగు ఒలకబోసి తుడవడం మరిచినట్టు
మూడెకరాల ఖర్జూరం.

పదకొండు మందిమి.
మస్కట్ నుంచి ఒక పళ్ళ డాక్టరూ అతని నలుగురు పిల్లలూ,
జర్మనీ ముసలమ్మలిద్దరు,
ఫోన్లోంచి తలెత్తని కొత్త జంట,
వాళ్ళను తెచ్చిన డ్రైవరు,
టోపీ మరిచిపోయి వచ్చిన నేను.

మనవరాలు రయ్యా ముందు నడిచింది.
పైన ఖర్జూరం, దాని నీడన నిమ్మ,
నిమ్మ నీడన పశువుల గడ్డి.
"ఇక్కడ ఎండ కూడా
మూడు చేతులు మారాకే నేలకు దిగుతుంది."
ఒక చెట్టును అరచేత్తో చరిచి
"మా మేనత్త పుట్టిన ఏడు నాటింది,
అందుకే ఇంత మొండిది" అంది.
చెట్టు మీద మోఫిజుల్, నడుముకీ మానుకీ ఒకటే తాడు.
అతనిది నదులు ఊళ్ళను మింగే దేశం.
"మా ఇల్లు నీళ్ళు ఎక్కువై పోయింది"
అని పైనుంచే నవ్వుతూ చెప్పి
పండు గెల ఒకటి దించాడు.

చాప పరిచారు. పళ్ళెం ఒక్కటే, బండిచక్రమంత.
ఎండు నిమ్మకాయతో ఉడికిన మేక మాంసం,
ముల్లంగి ఆకు, కాల్చిన వంకాయ,
ఉల్లిపొరంత పల్చటి రొట్టె.
బియ్యం మాత్రం ఓడెక్కి వచ్చిందని
జువైనవ్వ ముందే ఒప్పేసుకుంది,
అబద్ధం వడ్డించకూడదన్నట్టు.

నా చెయ్యి పళ్ళెం అంచు దాకా వెళ్ళింది.
ఖల్ఫాన్ తాత లేచి నిలబడ్డాడు.

తోట పక్కన చదును నేల, మధ్యలో ఒక కర్ర,
చుట్టూ పాతిన రాళ్ళు.
నీడ ఏ రాయిని తాకితే ఆ ఇంటికి నీళ్ళు.
తాత చొక్కా జేబులో ఫోనుంది, గంట చూడ్డానికి కాదట.
నీడ ఆయన రాయికి బెత్తెడు దూరం.
"అన్నం ఆగుతుంది" అన్నాడు, "నీళ్ళు ఆగవు."

ఆకలి కడుపుల్తో అందరం కాలవ దగ్గర.
గుడ్డ చుట్టిన బండను ఆయన పక్కకు లాగాడు.
మొదట ఎండాకులొచ్చాయి,
ఆకు మీద ప్రాణాలు పెట్టుకున్న చీమలు,
మురికి నురగ,
ఆ వెనకే, తొందరేమీ లేకుండా, కొండ లోపలి చల్లదనం.
పళ్ళ డాక్టరు ప్యాంటు మడిచి గట్టు తొక్కాడు.
చిన్నోడికి పార దొరికింది, ఇంక ఎవరికీ ఇవ్వలేదు.
ముసలమ్మల్లో ఒకావిడ బురదలో పాదాలు పెట్టి
తన భాషలో ఏదో అంది, అందరికీ అర్థమైంది.
మడి నిండగానే ఒక అరుపు, వెంటనే ఇంకో మడి.

అరగంట.
పక్కింటి కుర్రాడు వచ్చి నిలబడ్డాడు, మాట్లాడలేదు.
తాత బండను మళ్ళీ పెట్టేశాడు.

చల్లారిన మాంసం ఇంత రుచిగా ఉంటుందని
ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.
గోళ్ళలో మట్టితోనే తిన్నాం.
"పద్నాలుగు మడులు" అంది రయ్యా, మజ్జిగ పోస్తూ, గొంతు తగ్గించి.
"నా చిన్నప్పుడు పదిహేడు తడిసేవి.
పైన ఎవరో లోతుగా బోరు దింపారు."
తాతకు వినపడలేదు, లేదా
వినపడనట్టు ఎముక చీకుతున్నాడు.

మనిషికి ఐదు రియాళ్ళు. నిమ్మకాయల సంచి ఊరికే.
కారు వెనక్కి తీస్తుంటే చక్రం గడగడమంది.
దిగి చూశాను.
టైరు కింద
ఎండి రాయైపోయిన గట్టు,
దానవతల ఇంకోటి,
డాక్టరుగారి బండి కింద మూడోది.

సంచి ఒళ్ళో పెట్టుకుని
చాలాసేపు గేరు వెయ్యలేదు.